పొలం నుంచి బ్యాంకు దాకా: ముడిచమురు పైపులైన్లపై ప్రజా ఉద్యమాలు

దేవరుప్పుల మండలంలోని కడవెండి పేరు ఈ పుస్తకం చదివే విద్యార్థులకు కొత్త కాదు. 1946 జూలై 4న ఆ ఊళ్లో సంఘం జనం ఊరేగింపుగా దేశ్‌ముఖ్ గడీ వైపు వచ్చినప్పుడు విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య అక్కడే ప్రాణాలు విడిచాడు. అప్పటికి జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. తెలంగాణ సాయుధ పోరాటానికి ఆ రోజును ఆరంభంగా చెప్పడం పరిపాటి.

పైపులైన్ల పాఠంలో కడవెండి ప్రస్తావన ఎందుకని మీరు అడగవచ్చు. ఆ పోరాటంలో ఎదుటివాడు కంటికి కనిపించేవాడు. భూమి అతనిది, వెట్టి చేయించుకున్నది అతను, నాగుకు ధాన్యమిచ్చి వడ్డీతో వసూలు చేసుకున్నది అతను, గూండాలను పోషించినది కూడా అతనే. ఆస్తి, అప్పు, అధికారం మూడూ ఒకే గోడల మధ్య ఉండేవి. అందుకే జనం గడీ ముందుకు వెళ్తే మూడింటి ముందుకూ వెళ్లినట్టే అయ్యేది. ముడిచమురు పైపులైను వచ్చే ఊరి సంగతి వేరు. నోటిఫికేషన్ ఢిల్లీ నుంచి వస్తుంది. గొట్టం వేసే కంపెనీ మరో నగరంలో ఉంటుంది. డబ్బు ఏ బ్యాంకుల నుంచి వచ్చిందో రైతుకు చెప్పేవారే ఉండరు. అలాంటప్పుడు వద్దనదలచుకున్నవాళ్లు ఎవరి గుమ్మం ముందు నిలబడాలి? గత ఇరవై ఏళ్లలో ఈ ప్రశ్నకు వివిధ దేశాల ప్రజలు వెతుక్కున్న జవాబుల చరిత్రే ఈ భాగంలోని విషయం.

యాజమాన్యం రైతుది, వినియోగం కంపెనీది

మొదట మన దేశంలోని చట్టాన్ని చూద్దాం. అస్సాంలోని నహర్‌కటియా చమురు క్షేత్రాల నుంచి నూన్‌మతి మీదుగా బీహార్‌లోని బరౌనీ దాకా 1,157 కిలోమీటర్ల ముడిచమురు పైపులైను 1960ల తొలి సంవత్సరాల్లో నిర్మితమైంది. ఆ కాలంలోనే, 1962లో, పార్లమెంటు పెట్రోలియం పైపులైన్ల కోసం భూమిలో వినియోగ హక్కును సేకరించే చట్టం చేసింది. 1977లో ఖనిజాల పైపులైన్లనూ దాని పరిధిలోకి తెచ్చారు.

ఈ చట్టం భూమిని తీసుకోదు. పట్టా రైతు పేరు మీదే ఉంటుంది. భూగర్భంలో గొట్టం వేసి, దాన్ని నడిపి, మరమ్మతు చేసుకునే హక్కు మాత్రం ప్రభుత్వం ద్వారా కంపెనీకి దక్కుతుంది. గొట్టం పూడ్చాక రైతు పైన సేద్యం చేసుకోవచ్చు. అయితే ఆ పట్టీ మీద ఇల్లు గానీ కొట్టం గానీ కట్టకూడదు, బావి గానీ కుంట గానీ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. నోటిఫికేషన్ నాటికి ఆ పట్టీకి ఉన్న మార్కెట్ విలువలో 10 శాతం పరిహారంగా చెల్లిస్తారు. పోయిన పంటకు, కొట్టేసిన చెట్లకు విడిగా లెక్క కడతారు. పరిహారం చాలదనుకుంటే జిల్లా జడ్జిని ఆశ్రయించవచ్చు.

10 శాతమనే అంకె వెనుక ఒక తర్కం ఉంది: భూమి రైతు దగ్గరే ఉంది కాబట్టి పోయినది కొంచెమే. కాలువ కింద వరి పండించే చోట ఆ తర్కం కొంత నిలుస్తుందేమో. జనగామ లాంటి మెట్ట ప్రాంతంలో మాత్రం బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయన్నదే సేద్యానికి ప్రాణం. మూడెకరాల చెలకలో నీళ్లు పడే చోటు ఆ పట్టీ కిందే ఉంటే తక్కిన భూమి విలువ కూడా పోయినట్టే. చట్టం లెక్కలో ఈ నష్టానికి చోటు లేదు.

మన పొరుగున తమిళనాడులో రైతులు సరిగ్గా ఈ విషయం మీదే నిలబడ్డారు. కొచ్చి నుంచి బెంగళూరు, మంగళూరు వైపు గెయిల్ సంస్థ తలపెట్టిన పైపులైను కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడు, నామక్కల్, సేలం, ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల పొలాల గుండా వెళ్లాలి. అది మోసేది సహజవాయువు, ముడిచమురు కాదు. చట్టం మాత్రం అదే. ఈ జిల్లాల్లో, ముఖ్యంగా హోసూరు, కృష్ణగిరి వైపు, తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. కృష్ణగిరి మామిడి తోటలకు పేరు పొందిన జిల్లా. అక్కడ చెట్టు నాటకూడదంటే ఇక ఆ భూమితో పనేముంది? గొట్టాన్ని జాతీయ రహదారి వెంబడి వేయమని రైతులు కోరారు. 2013లో రాష్ట్ర ప్రభుత్వం కూడా వారి పక్షానే నిలబడింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పైపులైను ఏ దారిన వెళ్లాలన్నది కేంద్ర చట్టం కింద తేలే విషయమని, రాష్ట్రం అడ్డుకోజాలదని 2016 ఫిబ్రవరి 2న తీర్పు వచ్చింది. రైతులతో పాటు ఒక రాష్ట్ర ప్రభుత్వం కూడా వద్దన్నా ఆగని ప్రాజెక్టు ఇది. పొలం దగ్గర చెప్పే 'కాదు' అన్న మాటకు చట్టంలో ఎంత బలముందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

భయానికి ఆధారం లేదని కూడా అనలేం. 2014 జూన్ 27 వేకువన తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలి ఇళ్లు, కొబ్బరి తోటలు తగలబడ్డాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు. తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్కేంద్రానికి గ్యాస్ తీసుకువెళ్లే గొట్టం అది. తుప్పు పట్టి, కారుతున్న గ్యాస్ ఊరంతా కమ్ముకున్నాక నిప్పు అంటుకుంది. మూడేళ్లకు, 2017 జూన్ 30న, తంజావూరు జిల్లా కదిరామంగళంలో ఓఎన్‌జీసీ గొట్టం నుంచి చమురు పొలంలోకి చిమ్మింది. ఊరివాళ్లు రోడ్డెక్కారు, అరెస్టులు జరిగాయి. ఈ ఆందోళనల ఒత్తిడి ఫలితంగానే 2020లో తమిళనాడు శాసనసభ కావేరి డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటించే చట్టం చేసింది. భూమి దగ్గర జరిగిన పోరాటం శాసనంగా మారిన అరుదైన సందర్భం అది.

డబ్బు దారి పట్టుకోవడం

ఇప్పుడు దృశ్యం అమెరికాకు మారుతుంది. బ్యాంకులను లక్ష్యంగా చేసుకున్న పైపులైను ఉద్యమం ప్రపంచం దృష్టికి వచ్చినది అక్కడే.

పైపులైను నిర్మాణంలో ఒక ఆర్థిక విశేషముంది. గొట్టంలో చమురు పారేదాకా దానికి రూపాయి ఆదాయం ఉండదు. కట్టేటప్పుడు మాత్రం మొత్తం ఖర్చు ముందే కావాలి. కంపెనీ తన సొమ్ము కొంత పెట్టి, పెద్ద భాగం బ్యాంకుల కూటమి నుంచి అప్పుగా తెస్తుంది. రేపు చమురు రవాణాపై వచ్చే రుసుమే ఆ అప్పుకు హామీ. ఒక్కో నెల ఆలస్యమైన కొద్దీ వడ్డీ పెరుగుతుంది. ప్రమాదం జరిగితే భరించేందుకు బీమా సంస్థ కూడా కావాలి. అంటే బ్యాంకు, బీమా ఈ రెంటిలో ఏది వెనక్కి తగ్గినా పని కుంటుపడుతుంది. ఉద్యమకారులు గుర్తించిన కీలు ఇదే.

డకోటా యాక్సెస్ పైపులైను ఉత్తర డకోటా నుంచి ఇలినాయ్ దాకా 1,886 కిలోమీటర్ల పొడవున ముడిచమురును తీసుకువెళ్తుంది. ఖర్చు 380 కోట్ల డాలర్లు. మిస్సోరి నది మీది ఓహే జలాశయం కింది నుంచి ఈ గొట్టం దాటుతుంది. ఆ జలాశయం స్టాండింగ్ రాక్ సూ తెగకు తాగునీటి ఆధారం. ఆ ఆనకట్ట కట్టినప్పుడు తమ భూములు వేల ఎకరాలు మునిగిన అనుభవం ఆ తెగకు ముందే ఉంది. శ్రీశైలం, నాగార్జునసాగర్ ముంపు గ్రామాల చరిత్ర చదివినవారికి ఆ అనుభవం పరాయిదిగా తోచదు. 2016 ఏప్రిల్‌లో నది పక్కన చిన్న శిబిరం మొదలైంది. నెలలు గడిచేసరికి వందలాది మూలవాసీ తెగల ప్రతినిధులు, వేలమంది మద్దతుదారులు అక్కడికి చేరారు. డిసెంబరు 4న అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం జలాశయం కింద గొట్టం వేయడానికి అనుమతి నిరాకరించింది. అధ్యక్షుడు మారాడు. 2017 ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చారు, శిబిరం ఖాళీ చేయించారు. జూన్ 1 నుంచి వాణిజ్యపరంగా చమురు పారింది.

ఈ శిబిరానికి సమాంతరంగానే రెండో ఉద్యమం నడిచింది. ప్రాజెక్టుకు 17 బ్యాంకులు కలిసి 250 కోట్ల డాలర్ల రుణం ఇచ్చాయని తెలిశాక, వాటిలో ఖాతాలున్నవాళ్లు ఖాతాలు మూసేయడం, శాఖల ముందు బైఠాయించడం మొదలుపెట్టారు. నది ఒడ్డుకు రాలేని వృద్ధులు, ఉద్యోగులు, విద్యార్థులు కూడా తమ ఊళ్లోనే చేయగలిగిన పని అది. ఈ పద్ధతి వ్యాపించడానికి అసలు కారణం అదేనని నా అభిప్రాయం. సియాటిల్ నగర మండలి 2017 ఫిబ్రవరి 7న వెల్స్ ఫార్గో బ్యాంకుతో తన లావాదేవీలు తెంచుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. మార్చిలో నెదర్లాండ్స్‌కు చెందిన ఐఎన్‌జీ బ్యాంకు తన 12 కోట్ల డాలర్ల రుణ భాగాన్ని అమ్మేసింది. నార్వేకు చెందిన డీఎన్‌బీ, ఫ్రాన్స్‌కు చెందిన బీఎన్‌పీ పారిబా కూడా అదే దారి పట్టాయి.

వార్తల్లో ఇవి విజయాలుగా కనిపించాయి. చరిత్ర విద్యార్థి కాస్త ఆగి చూడాలి. రుణ ఒప్పందం పూర్తయినట్టు కంపెనీ ప్రకటించినది 2016 ఆగస్టు తొలి వారంలో. బ్యాంకులపై ఒత్తిడి తీవ్రమైనది ఆ తర్వాత. ఒక బ్యాంకు తన భాగాన్ని అమ్మిందంటే మరొకరు కొన్నారనే అర్థం. గొట్టానికి అందిన డబ్బులో ఒక్క డాలరూ తగ్గలేదు. ఇక సియాటిల్ నగరానికి, తన లావాదేవీలు చూడగల మరో బ్యాంకు దొరక్క, 2018లో మళ్లీ వెల్స్ ఫార్గోతోనే ఒప్పందం కుదుర్చుకోక తప్పలేదు. న్యాయస్థానాల్లో పోరు మాత్రం కొనసాగింది. సమగ్ర పర్యావరణ నివేదిక లేకుండా అనుమతి ఇవ్వడం తప్పని 2020లో ఫెడరల్ న్యాయస్థానం తేల్చింది. పైపులైను ఆపాలన్న ఆదేశం పై కోర్టులో నిలవలేదు. మరోవైపు కంపెనీ గ్రీన్‌పీస్ సంస్థపై దావా వేసింది. 2025 మార్చిలో ఉత్తర డకోటా జ్యూరీ 66 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని చెప్పింది. తర్వాత న్యాయమూర్తి ఆ మొత్తాన్ని దాదాపు సగానికి తగ్గించాడు. అప్పు ఇచ్చినవాడిని ప్రశ్నించే ఉద్యమానికి అప్పు తీసుకున్నవాడు చెప్పిన జవాబుగా ఈ దావాను చూడవచ్చు.

ముందుగా అడ్డుపడిన చోట

ఇందుకు భిన్నమైనది తూర్పు ఆఫ్రికా ముడిచమురు పైపులైను కథ. ఉగాండాలోని ఆల్బర్ట్ సరస్సు తీరపు చమురును టాంజానియాలోని టాంగా రేవుకు చేర్చే 1,443 కిలోమీటర్ల మార్గమిది. ఆ చమురు మైనంలా గడ్డకట్టే రకం కనుక గొట్టాన్ని దారి పొడవునా 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిగా ఉంచాలి. ఫ్రాన్స్‌కు చెందిన టోటల్ ఎనర్జీస్ వాటా 62 శాతం. ఉగాండా, టాంజానియా ప్రభుత్వ చమురు సంస్థలకు చెరి 15 శాతం, చైనాకు చెందిన సీనూక్‌కు 8 శాతం.

ఇక్కడ రైతు అనుభవం మన 1962 చట్టాన్ని గుర్తుకు తెస్తుంది. సర్వే జరిగి భూమికి లెక్క కట్టిన తేదీ తర్వాత దీర్ఘకాలిక పంటలు వేయవద్దని చాలామందికి చెప్పారు. పరిహారం మాత్రం కొందరికి ఏళ్ల తరబడి అందలేదు. కాఫీ, అరటి తోటల మీద బతికే కుటుంబానికి ఆ ఎదురుచూపు అంటే ఏమిటో వివరించనవసరం లేదు. కంపాలాలో నిరసన తెలిపిన విద్యార్థులు పదేపదే అరెస్టయ్యారు. వీధిలో గొంతెత్తడం కష్టమైన దేశం గనుక ఉద్యమం తొలినుంచే యూరప్ బ్యాంకుల వైపు, బీమా సంస్థల వైపు తిరిగింది. రుణం కుదరక ముందే తిరిగింది. అదే దాని బలం. బీఎన్‌పీ పారిబా, సొసైటే జెనరల్, హెచ్‌ఎస్‌బీసీ, బార్‌క్లేస్, స్టాండర్డ్ చార్టర్డ్ ఒకదాని తర్వాత ఒకటి తాము డబ్బు పెట్టబోమన్నాయి. 2022 సెప్టెంబరులో యూరప్ పార్లమెంటు ప్రాజెక్టును విమర్శిస్తూ తీర్మానం చేసింది. టోటల్‌పై ఫ్రాన్స్‌లో వేసిన దావాను మాత్రం 2023 ఫిబ్రవరిలో పారిస్ న్యాయస్థానం విచారణకు స్వీకరించలేదు.

రుణం కోసం ఏళ్లు పట్టింది. ఖర్చు తొలి అంచనాను బాగా దాటిపోయింది. ఎట్టకేలకు 2025 మార్చిలో తొలి విడత రుణం కుదిరినట్టు ప్రకటన వెలువడింది. ఇచ్చినవి లండన్, పారిస్ బ్యాంకులు కావు. ఆఫ్రికా ఎగుమతి దిగుమతి బ్యాంకు, స్టాండర్డ్ బ్యాంకు, కేసీబీ ఉగాండా వంటి సంస్థలు. వాటాదారులు తమ సొంత డబ్బూ ఎక్కువగా పెట్టవలసి వచ్చింది. ఉద్యమం పైపులైనును ఆపలేదు, కానీ దాని డబ్బును ఖరీదైనదిగా, దొరకడం కష్టమైనదిగా మార్చింది.

ఉగాండా ప్రభుత్వపు వాదననూ వినాలి. నూరేళ్లుగా చమురు మండించి సంపన్నమైన దేశాలు తమకు ఇప్పుడు పాఠం చెబుతున్నాయని అధ్యక్షుడు ముసెవెనీ కోపగించారు. వలస పాలన అనుభవించిన దేశం నుంచి వచ్చిన ఈ మాటను తేలిగ్గా తోసిపుచ్చలేం. అయితే ఆ చమురు ఎగుమతి కోసం ఉద్దేశించినది, ప్రధాన వాటా పారిస్ కంపెనీది. సార్వభౌమత్వం పేరుతో చేసే వాదనలో ఈ రెండు విషయాలూ చాలాసార్లు మరుగున పడుతున్నాయి.

ప్రైవేటు డబ్బు వెనుదిరిగితే ప్రభుత్వమే ముందుకు రావచ్చని కెనడా చూపింది. ట్రాన్స్ మౌంటెన్ పైపులైను విస్తరణను కిండర్ మోర్గాన్ కంపెనీ వదులుకోజూసినప్పుడు 2018లో కెనడా ప్రభుత్వమే 450 కోట్ల కెనడా డాలర్లకు కొనేసింది. 2024 మేలో చమురు పారే నాటికి నిర్మాణ ఖర్చు 3,400 కోట్లకు చేరింది. నిరసన తెలిపిన పౌరుడి పన్నే ప్రాజెక్టుకు పెట్టుబడి అయింది.

మన బ్యాంకులు, మన అనుభవం

భారతీయ పాఠకుడికి కెనడా ఉదాహరణ దగ్గరగా ఉంటుంది. ఇండియన్ ఆయిల్, హెచ్‌పీసీఎల్, గెయిల్ ప్రభుత్వరంగ సంస్థలు, అప్పిచ్చే పెద్ద బ్యాంకులూ ఎక్కువగా ప్రభుత్వానివే. ఖాతా మూసేస్తామన్న బెదిరింపుకు అక్కడ పదును తక్కువ. అలాగని ప్రయత్నాలే లేవనలేం. ఆస్ట్రేలియాలో అదానీ సంస్థ తలపెట్టిన కార్మైకేల్ బొగ్గు గనికి భారతీయ స్టేట్ బ్యాంకు 100 కోట్ల డాలర్ల దాకా రుణమిచ్చేందుకు 2014లో అవగాహన ఒప్పందం కుదిరింది. 2020 నవంబరు 27న సిడ్నీలో భారత్, ఆస్ట్రేలియా వన్డే జరుగుతుండగా ఆ రుణం వద్దన్న ప్లకార్డుతో నిరసనకారులు మైదానంలోకి వచ్చారు. మన ఇళ్లలో టీవీ ముందు కూర్చున్నవారిలో ఎంతమంది ఆ ప్లకార్డు చదివారో గానీ, అది అడిగినది మన డిపాజిట్ల గురించే. బయటి రుణాలు దొరక్క 2018లోనే అదానీ సంస్థ సొంత నిధులతో, తొలి ప్రణాళిక కంటే చాలా చిన్న గనిగా మొదలుపెడతామని ప్రకటించింది. 2021 చివర్లో బొగ్గు ఎగుమతి మొదలైంది.

తెలుగు రైతులే నేరుగా రుణదాత తలుపు తట్టిన సందర్భం అమరావతిది. అది పైపులైను కాదు, రాజధాని నగరం. పద్ధతి మాత్రం ఇదే. భూసమీకరణ వల్ల తమ జీవనోపాధి దెబ్బతింటుందని కొందరు 2017లో ప్రపంచ బ్యాంకు తనిఖీ సంఘానికి ఫిర్యాదు చేశారు. బ్యాంకు తన సొంత నిబంధనలు పాటిస్తున్నదా అని అడగడానికి బాధితులకు ఉన్న వేదిక అది. ఆ పరిశీలన సాగుతుండగానే 2019 జూలైలో భారత ప్రభుత్వం 30 కోట్ల డాలర్ల రుణ అభ్యర్థనను ఉపసంహరించుకుంది. 20 కోట్లు ఇవ్వవలసిన ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడుల బ్యాంకూ తప్పుకుంది. రాష్ట్రంలో ప్రభుత్వం మారిన సమయం కూడా అదే కాబట్టి ఫిర్యాదు ఒక్కటే కారణమని చెప్పడం తొందరపాటు. పైగా ఆ ఏడాది చివరి నుంచి అదే నేల మీద మరో ఆందోళన సాగింది: భూములిచ్చిన రైతులు రాజధాని కట్టి తీరాలని రోడ్డెక్కారు. రుణం ఆగినప్పుడు ఒకే ఊళ్లో ఒకరికి ఊరట, ఇంకొకరికి నష్టం. 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు అమరావతికి 80 కోట్ల డాలర్లు మంజూరు చేసింది.

ఇక 1962 చట్టంలో రైతుకు మిగిలిన దారి ఒకటి ఉంది. నోటిఫికేషన్ వెలువడిన 21 రోజుల్లోగా భూమిలో హక్కున్నవారు ఎవరైనా సంబంధిత అధికారికి లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపవచ్చు. స్వయంగా గానీ న్యాయవాది ద్వారా గానీ తమ మాట వినిపించుకోవచ్చు. ఆ అధికారి ఉత్తర్వే అంతిమమని చట్టం చెబుతుంది. అభ్యంతరం కూడా తన భూమి కింద గొట్టం వేయడం గురించే ఉండాలి. ఈ పైపులైను అవసరమా, దీనికి అప్పు ఎవరిచ్చారు, నష్టమొస్తే ఎవరు భరిస్తారు అనే ప్రశ్నలకు ఆ దరఖాస్తులో గడి లేదు.